ఆరేళ్ల స్పైక్ బస్టర్, ఒక ఎర్త్ గొయ్యి

వోల్టేజి హఠాత్తుగా ఎగిసినప్పుడు కంప్యూటర్‌ను కాపాడాల్సిన ఈ ప్లగ్గుల బోర్డు, అంటే స్పైక్ బస్టర్, ఆరేళ్లుగా నా బల్ల కింద ఉంది. మొదటి ఏడాది మాత్రం అది దాదాపు ఉత్త ఎక్స్‌టెన్షన్ బోర్డే. తప్పు దానిది కాదు, మా ఇంటిది.

గుంటూరు బ్రాడీపేటలో మాది పాత ఇల్లు. ప్లగ్గు పాయింటులో పైనున్న పెద్ద రంధ్రం అదనపు కరెంటును నేలలోకి పంపే ఎర్త్ తీగ కోసం; మా ఇంట్లో అది అలంకారానికే. దాని వెనక తీగే లేదు. బస్టర్ మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది కదా అని ధీమాగా ఉన్నాను. ఒక మే నెల సాయంత్రం గాలివానలో పిడుగు ఎక్కడో దగ్గరలోనే పడింది. కంప్యూటర్ మరి లేవలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి కరెంటు వచ్చే లైనుకూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే తొంభై చిల్లర వోల్టులు చూపించింది. 230 దరిదాపుల్లో ఉండాలి. పెరట్లో గొయ్యి తవ్వించి, జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేయించాను. బస్టర్ కన్నా గొయ్యికే ఎక్కువైంది.

మూడో ఏట మళ్లీ పిడుగు. ఈసారి కంప్యూటర్ బతికింది కానీ రూటరూ, మదర్‌బోర్డు మీది నెట్ పోర్టూ పోయాయి. ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరిచిపెట్టినట్టు, కరెంటు స్తంభం మీదుగా వచ్చే ఇంటర్నెట్ రాగి తీగను నేను పట్టించుకోలేదు. తరువాత ఫైబర్‌కు మారాను; గాజు పోగులో కరెంటు పారదు.

అప్పుడే బస్టర్ విప్పి చూశాను. లోపల చొక్కా గుండీలంత నీలం బిళ్లలు మూడు. వాటిని ఎమ్‌ఓవీలంటారు, వోల్టేజి హఠాత్తుగా ఎగిస్తే అదనపు కరెంటును పక్కకు మళ్లిస్తాయి. ప్రతి దెబ్బకూ కొంత అరుగుతాయి. ఒకదాని అంచు నల్లబడి, కాలిన వాసన. బిళ్లలు మార్పించి వాడుతున్నాను.

న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగి వోల్టేజి పెరిగి అలాగే నిలిచిపోతే, ఆపడం బస్టర్ వల్ల కాదు. దానికి వోల్టేజి హద్దు దాటగానే సరఫరా కట్ చేసే పరికరం వేరే ఉండాలి. పిడుగు నేరుగా ఇంటిమీదే పడితే రెండూ దండగే. ఉరుము వినపడగానే స్విచ్ ఆపి ఊరుకోను, ప్లగ్గే పీకేస్తాను.

అయిదుకు నాలుగు మార్కులిస్తాను. ఒకటి తగ్గించింది ఆ ఆకుపచ్చ దీపానికి: బిళ్ల కాలిపోయాక కూడా నిశ్చింతగా వెలుగుతూనే ఉంది.

నేల తడిగా ఉంటేనే ఎర్త్ బాగా పనిచేస్తుంది, అందుకే ఎండాకాలంలో వారానికోసారి ఎర్త్ గొయ్యిలో రెండు బిందెల నీళ్లు పోస్తాను. మొక్కలు ఎండిపోతుంటే ఇనుప గొట్టానికి నీళ్లేమిటని మా అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది.