మూడు చలికాలాలు వాడాక: అద్దం తలుపు కట్టెల పొయ్యి

చలికి గది వెచ్చబరచడానికి పెట్టించిన మా పొయ్యిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దాని అద్దం తలుపు. మంట చూస్తూ కూర్చోవచ్చని మాత్రమే కాదు, మంట సరిగ్గా మండుతోందో లేదో ఆ అద్దమే చెప్పేస్తుంది. మూడు చలికాలాల్లో ఈ పొయ్యి గురించి నా అభిప్రాయాలు చాలా మారాయి. అద్దం మీద ఇష్టం మాత్రం పెరిగింది.

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సిమిలిగుడ, దేవమాలి కొండకు దగ్గర. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి చలి ఎలా ఉంటుందో ఈ పక్క ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇదివరకు అమ్మ కుంపట్లో బొగ్గులు వేసి, గదిలో పెట్టుకుని, తలుపులు మూసి పడుకునేది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు ఉండదు, వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ భయంతోనే ఈ పొయ్యి పెట్టించాను. గోడలో కట్టే తెరిచిన ఫైర్‌ప్లేస్ వద్దనుకున్నాను. దాంట్లో వేడి చాలావరకు గొట్టంలోంచి పైకే పోతుంది, గదిలోని వెచ్చటి గాలిని కూడా లాక్కుపోతుంది.

దీనికి కింద ఒక గాలి దారి, అద్దం పైన ఇంకో సన్నటి దారి ఉన్నాయి. పైనుంచి వచ్చే గాలి అద్దాన్ని రాసుకుంటూ దిగి, కట్టెల్లోంచి లేచే పొగను మండిస్తుంది. పొగ అంటే కాలకుండా వృథాగా పోతున్న కట్టే కదా. కట్టె ఎండినదై, గాలి బాగా అందితే అద్దం తేటగా ఉంటుంది. తడి కట్టె పెడితే అరగంటలో గోధుమరంగుకు తిరుగుతుంది.

ఈ సంగతి తెలిసి కూడా రెండో ఏడాది భోగి రాత్రి నేను దాన్ని పట్టించుకోలేదు. పార్వతీపురం నుంచి పిన్ని వాళ్లు వచ్చారు. నాలుగు రోజులు పగలూ రాత్రీ పొయ్యి వెలుగుతూనే ఉండటంతో మా కట్టెలు అయిపోయాయి. డిపోకి వెళ్లి నీలగిరి మొద్దులు తెచ్చాను. ఏడాది ఎండినవని చెప్పారు, నమ్మాను. మొదటి రోజే అద్దం నల్లబడింది. కట్టె తేడా అయ్యుంటుందిలే అనుకుని, మంట తెల్లారేదాకా నిలవాలని పడుకునే ముందు గాలి దారులు రెండూ దాదాపు మూసేశాను.

రాత్రి రెండింటికి పిన్ని దగ్గుతూ లేపింది. "ఒరే నాన్నా, ఇల్లంతా పొగరా, లే!" లేచి చూస్తే దీపం కూడా మసకగా కనిపిస్తోంది. పిల్లల్ని దుప్పట్లతో సహా ఎత్తుకుని వరండాలోకి తీసుకెళ్లాం. కిటికీలన్నీ తీసి, నిప్పులు ఇనుప బకెట్లోకి ఎత్తి పెరట్లో పెట్టాను. ఆ పొగమంచులో అమ్మ, పిన్ని వణుకుతూ కూర్చున్న గంటన్నర నాకు ఇప్పటికీ గుర్తే. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

తెల్లారాక పొగగొట్టం విప్పించాను. లోపల నల్లటి తారు పెచ్చులు కట్టి, పిడికిలి పట్టేంత సందు మిగిలింది. తడి కట్టె సరిగ్గా మండక వచ్చిన పొగ చల్లటి గొట్టానికి తగిలి అలా తారుగా పేరుకుంటుంది. బాగా వేడెక్కితే గొట్టంలోనే అంటుకుంటుంది కూడా. ఆన్‌లైన్‌లో తేమ మీటర్ తెప్పించి ఆ మొద్దుల్లో ఒకదానికి గుచ్చితే పైన 18 శాతం చూపించింది. గొడ్డలితో చీల్చి లోపలి చెక్కకు గుచ్చితే 36! 20 లోపు ఉంటేనే పొయ్యిలో పెట్టాలి. మొద్దును పైపైన చూసి ఎండిందని ఎవరు చెప్పినా నమ్మకండి, చీల్చి చూడండి.

ఇప్పుడు కాఫీ తోటలో నీడకు వేసిన సిల్వర్ ఓక్ కొమ్మలు ఎండాకాలం ముందే కొట్టించి, మణికట్టు లావుకు చీల్పించి, నేలకు తగలకుండా పేర్పిస్తున్నాను. పైన రేకు, పక్కలు ఖాళీ. ఇక్కడి వానలకు లావు మొద్దులు ఒక్క ఎండాకాలంలో ఆరవు, అందుకే సన్నగా చీల్చడం.

వెలిగించే పద్ధతి కూడా మార్చాను. లావు కట్టెలు అడుగున, వాటి మీద సన్నవి, అన్నిటికన్నా పైన చితుకులు పెట్టి పైనుంచి అంటిస్తాను. "నెగడు ఎవరైనా అలా పేరుస్తారా?" అంది అమ్మ. కానీ అలా చేస్తే మంట మెల్లగా కిందికి దిగుతుంది, కింది కట్టెల పొగ పై మంటలోంచి పోతూ కాలిపోతుంది. ఇంత చిన్న మార్పుతో ఇంత తేడా వస్తుందని నేను అనుకోలేదు.

మొదటి ఏడాది అందరికీ "అసలు పొగే రాదు" అని చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. వెలిగించిన పది పదిహేను నిమిషాలు గొట్టంపై పొగ కనిపిస్తుంది, కొత్త కట్టె పెట్టినప్పుడల్లా కొంచెం వస్తుంది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి పొయ్యి తలుపు తీస్తే పొగ గదిలోకే వస్తుంది. "రాత్రంతా వెచ్చగా ఉంటుంది" అని కూడా అన్నాను. గాలి మూయకుండా వాడితే ఒంటిగంటకల్లా నిప్పులే మిగులుతాయి. ఇప్పుడు అంతటితో సరిపెట్టుకుని దుప్పటి కప్పుకుంటున్నాం.

మాకు సొంత తోట ఉంది, కొట్టిన కొమ్మ మళ్లీ చిగురిస్తుంది, కట్టెలు పేర్చడానికి పెరడు ఉంది. అందుకే ఇది మాకు బాగుంది. కట్టె కొని వాడాల్సివస్తే నేనే మానేసేవాణ్నేమో. కొండ మీది చెట్టు కొట్టి తెచ్చిన కట్టెతో అయితే అసలు వద్దు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఎంత మంచి పొయ్యి అయినా వద్దనే చెబుతాను. బరంపురం లాంటి, చలి పెద్దగా లేని చోట దీని అవసరమే రాదు. పెట్టించుకునేవాళ్లు మాత్రం కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా కొనండి. నేను ఆ భోగి తర్వాతే కొన్నాను, ముందే కొనాల్సింది.

అద్దం తుడవడానికి ఏ ద్రావకమూ అక్కర్లేదు. పొయ్యి పూర్తిగా చల్లారాక తడి పేపరును బూడిదలో అద్ది రుద్దితే మరక పోతుంది. మిగిలిన బూడిద కొద్దికొద్దిగా చిక్కుడు పాదుకు వేస్తున్నాం, ఇక్కడి ఎర్రమట్టిలో పులుపు ఎక్కువ కాబట్టి పనికొస్తుంది. ఈ ఏడాది నుంచి పొద్దున్నే అద్దం తుడిచేది అమ్మే. తుడుస్తూ, "రాత్రి కట్టె బాగానే ఉందిరా" అనో, "ఆ కుడి పక్క వరుస ఇంకా ఆరలేదు, వాడకు" అనో చెబుతోంది.