భాగస్వామ్య సంస్థా, డెవలప్‌మెంట్ ఒప్పందమా?

విశాఖపట్నంలో మధురవాడ, యెండాడ వంటి చోట్ల సొంత స్థలం ఉన్నవారు అపార్ట్‌మెంట్ కట్టించాలనుకుంటే, బిల్డర్‌తో కలిసి భాగస్వామ్య సంస్థ పెట్టవచ్చు, లేదా స్థలాన్ని తమ పేరనే ఉంచుకొని డెవలప్‌మెంట్ ఒప్పందం రాసుకోవచ్చు.

భాగస్వామ్యంలో ధర పెరిగితే లాభంలో వాటా పెరుగుతుంది. అయితే 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పులకు ప్రతి భాగస్వామీ సొంత ఆస్తితో సహా బాధ్యుడే. పెట్టుబడిగా ఇచ్చిన స్థలం సంస్థ ఆస్తి అవుతుంది కనుక, బిల్డర్ సంస్థ తరఫున చేసిన అప్పు తీరకపోతే తాతల నాటి స్థలం చేజారవచ్చు. సంస్థ రిజిస్టరు కాకపోతే ఒప్పందపు హక్కుల కోసం భాగస్వామిపై దావా వేయడానికి కూడా వీలుండదు. ఇది వివాదం ముదిరాక తెలియడం నిజంగా బాధాకరం.

డెవలప్‌మెంట్ ఒప్పందంలో యజమానికి సాధారణంగా ఫ్లాట్లలో వాటా వస్తుంది. స్థలం వ్యక్తి పేరున ఉండి ఒప్పందం రిజిస్టరయితే, మూలధన లాభాల పన్ను (ఆస్తి బదిలీలో వచ్చే లాభంపై పన్ను) నిర్మాణ పూర్తి ధ్రువపత్రం వచ్చిన ఏడాదికి వాయిదా పడుతుంది. ఈలోగా తన వాటా అమ్ముకుంటే ఆ వెసులుబాటు పోతుంది.

ఆ స్థలమే ఏకైక ఆస్తి అయినవారికి నేను రెండో మార్గాన్నే సూచిస్తాను. అప్పుడు కూడా బిల్డర్‌కిచ్చే జీపీఏను (యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రాన్ని) అతని వాటా ఫ్లాట్లకే పరిమితం చేసి, నిర్మాణ గడువు దాటితే బిల్డర్ చెల్లించాల్సిన నెలవారీ పరిహారాన్ని దస్తావేజులోనే రాయించుకోవాలి.