పాలకొల్లు రోడ్డు గ్రానైట్ షాపులో బౌడెన్ దొరగారి శిలాఫలకం చేయించాం

నరసాపురం నుంచి పాలకొల్లు వెళ్ళే రోడ్డులో ఉన్న ఒక గ్రానైట్ షాపులో మా ప్రార్థన మందిరానికి శిలాఫలకం చేయించాం. పని చాలా బాగుంది, చెప్పిన రోజుకి మాత్రం ఇవ్వలేదు. సమాధి రాళ్ళకీ మందిరం పలకలకీ మన వైపు చాలామంది అక్కడికే వెళ్తారు కాబట్టి రెండూ రాస్తున్నాను.

పలక మిషనరీ విలియం బౌడెన్ గారి జ్ఞాపకార్థం. ఇంగ్లాండ్‌లోని బార్న్‌స్టేపుల్ నుంచి ఆయన, జార్జ్ బీర్ గారు, ఇద్దరి భార్యలు 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ గారితో సువార్త పనికి ఓడెక్కి వచ్చి ఈ గోదావరి డెల్టాలో స్థిరపడ్డారు. నెలనెలా జీతం పంపే మిషన్ సొసైటీ ఏదీ వాళ్ళ వెనక లేదు. బీర్ గారు 1853లో పోయారు, బౌడెన్ గారు 1876లో పోయేదాకా ఈ పనిలోనే ఉన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్నప్పుడు అక్కడి కూలీలకీ సువార్త చెప్పారు. మా తాతలు ఎప్పుడూ తలుచుకునే ఈ పేర్లు మా పిల్లల్లో ఒక్కరికీ తెలియవు. అది చూసి తట్టుకోలేకే పలక పెట్టాలనుకున్నాం.

మొదటి ప్రూఫ్‌లో 1836 కాస్తా 1863 అయింది. బౌడెన్ గారి భార్య పేరూ, బీర్ గారి భార్య పేరూ ఎలిజబెత్ కావడంతో పొరపాటున రెండుసార్లు పడిందనుకుని ఒకటి తీసేశారు. బౌడెన్ గారి పేరు ముందు 'రెవ.' అని చేర్చారు, చర్చి పలకలన్నిటికీ అలాగే పెడతారట. మా సహోదరుల (బ్రదరెన్) సంఘాల్లో ఆ బిరుదు ఉండదండీ, తీసెయ్యండి అంటే, మరి ఆయన వృత్తి ఏంటండీ అని అడిగారు చెక్కే పెద్దాయన. రాతిపనేనండీ, మీలాగే, అన్నాను. నిజంగానే బౌడెన్ గారు ఇంగ్లాండ్‌లో రాతిపని మేస్త్రీ, బీర్ గారు జోళ్ళు కుట్టేవారు. ఆ మాట వినగానే పెద్దాయన, అయితే మిషన్ మీద వద్దండీ, నేనే ఉలితో చెక్కుతాను అన్నారు, రేటు ఒక్క రూపాయి కూడా పెంచలేదు.

చెక్కుడు చూస్తే కళ్ళకి నీళ్ళొచ్చాయి. వత్తులు ఎక్కడా కలిసిపోలేదు, సున్నాలు గుండ్రంగా ఉన్నాయి, వేలితో తడిమితే అక్షరం అక్షరం తెలుస్తుంది. ఉప్పుగాలికి బంగారు రంగు నిలవదని తెల్లరంగు నింపమన్నదీ ఆయనే.

ఇక ఆలస్యం సంగతి. శనివారానికి ఇస్తామన్నది ఆ తర్వాతి గురువారం ఇచ్చారు. మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఎంత టెన్షన్ పడ్డామో. ఆదివారం కూటానికి దూరపు ఊళ్ళ నుంచి వచ్చిన ముసలివాళ్ళు ఖాళీ గోడ చూసి వెళ్ళిపోయారు, నాకిప్పటికీ బాధగానే ఉంది. ఆటో ఖర్చు కూడా మనదే, ముందే చెప్పరు.

మళ్ళీ పని పడితే నేను అక్కడికే వెళ్తాను. మీరు వెళ్తే మాత్రం కూటానికి రెండు వారాల ముందు తేదీ చెప్పండి, ప్రూఫ్‌ని ఇద్దరి చేత చదివించండి, చెక్కేది చేత్తోనా మిషన్‌తోనా అన్నది అడ్వాన్స్ ఇవ్వకముందే మాట్లాడుకోండి.