నికెల్ టెస్ట్ కిట్: దిద్దులు కొనేముందు పనికొస్తుందా?

నికెల్ లోహం కొందరికి పడదు, దురద పెడుతుంది. నగలోంచి అది ఊడివస్తోందో లేదో చూసే కిట్ ఇది. రెండు చిన్న సీసాలు: ఒకదాంట్లో డైమిథైల్‌గ్లయాక్సిమ్, రెండోదాంట్లో అమ్మోనియా. ఇయర్‌బడ్ మీద రెండింటినీ ఒక్కో చుక్క వేసి, నగ మీద 30 సెకన్లు గట్టిగా రుద్దాలి. దూది గులాబీ రంగుకి తిరిగితే నికెల్ ఊడివస్తున్నట్టే.

పని చేస్తుంది, కానీ ఎక్కడ రుద్దుతామన్నదే అసలు సంగతి. వన్ గ్రామ్ గోల్డ్ దిద్దుల్లో ఇత్తడికీ పైపూతకీ మధ్య తరచూ నికెల్ పొర ఉంటుంది. ముందువైపు మెరిసే చోట దూది తెల్లగానే ఉంటుంది. పూత అరిగేది చెవిలో దూరే కాడ దగ్గర, మర దగ్గర. దురద మొదలయ్యేదీ అక్కడే. కొత్త నగకు రంగు రాలేదని నమ్మకండి, ఆరు నెలలు పెట్టుకున్నాక మళ్ళీ చూడండి.

అమ్మోనియా మూత వదులైతే ఆవిరైపోయి, దూది మీద వచ్చే గులాబీ రంగు పాలిపోతుంది. మందు పనిచేస్తోందో లేదో 1990ల నాటి రాగి-నికెల్ రెండు రూపాయల బిళ్ళ మీద చూసుకోవచ్చు (చిల్లర డబ్బాలో వెతకాలి మరి!). ఘాటు ఎక్కువ, కిటికీ తీసి చేయండి. చెవికున్న నగ మీద మాత్రం వద్దు.

ఇది నగకు పరీక్షే. నికెల్ మీ ఒంటికి పడుతుందో లేదో తేల్చేది చర్మవైద్యులు వీపు మీద 48 గంటలు అంటించే ప్యాచ్ టెస్ట్.