మెదడులో చిన్న మచ్చలు: వెంటనే రేడియో సర్జరీయా, మాత్ర వేసి ఎంఆర్‌ఐతో కనిపెట్టి ఉండటమా? ఏది మేలు?

ఊపిరితిత్తుల క్యాన్సర్ నిర్ధారణ అయిన మనిషికి తలనొప్పి లేకపోయినా, ఫిట్స్ రాకపోయినా, వ్యాధి ఎంతవరకు పాకిందో తెలుసుకునేందుకు మెదడుకు ఎంఆర్‌ఐ తీయించడం ఇప్పుడు మామూలైంది. అందులో నాలుగైదు మిల్లీమీటర్ల మచ్చలు, అంటే క్యాన్సర్ మెదడుకు పాకి ఏర్పడిన చిన్న కణితులు, మూడో నాలుగో ఉన్నాయని తేలితే, ఇరవై ఐదేళ్ల కిందట వైద్యులు చెప్పే జవాబు దాదాపు ఒక్కటే: మెదడు మొత్తానికి రేడియేషన్. ఇప్పుడు దారులు మూడయ్యాయి. ఒకటి ఆ పాత పద్ధతి. రెండోది మచ్చలకు మాత్రమే గురిపెట్టే స్టీరియోటాక్టిక్ రేడియో సర్జరీ. మూడోది, కణితిలోని జన్యుమార్పుకు తగిన మాత్ర మొదలుపెట్టి, రేడియేషన్‌ను అవసరానికి దాచుకుని, ఎంఆర్‌ఐతో కనిపెట్టి ఉండటం. మొదటి రెండింటి మధ్య తగవు, చిన్న మచ్చలు కొద్దిగా ఉన్నవారి వరకు, చాలామటుకు తీరిపోయింది. అసలు తర్జనభర్జన రెండో, మూడో దారుల మధ్యనే ఉంది.

రేడియో సర్జరీలో పుర్రె తెరిచేది ఉండదు, కోత ఉండదు. స్వీడన్‌కు చెందిన న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1951లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. ఆయన బృందం రూపొందించిన మొదటి గామా నైఫ్ 1960ల చివర స్టాక్‌హోమ్‌లో వాడుకలోకి వచ్చింది. ఇప్పటి గామా నైఫ్‌లో 192 కొబాల్ట్-60 మూలాల నుంచి వెలువడే సన్నని కిరణాలు ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. దారిలో ఉన్న మెదడుకు ఏ ఒక్క కిరణమూ పెద్దగా హాని చేయదు గాని, అవన్నీ కలిసిన చోట మోతాదు కణితిని చంపేంతగా పెరుగుతుంది. మన దగ్గర చాలా కేంద్రాలు ఇదే పనిని లైనాక్ అనే, ఎక్స్-కిరణాలు పుట్టించే యంత్రంతో చేస్తాయి. అనుభవమున్న బృందం చేతిలో ఈ యంత్రాల ఫలితాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు కాబట్టి, యంత్రం పేరు కోసం ఊళ్లు పట్టుకుని తిరగడం వృథా ప్రయాస. చిన్న మచ్చలకు సాధారణంగా ఒక్క పూటలో చికిత్స అయిపోతుంది, జుట్టు ఊడదు, ఏడాది గడిచాక కూడా పదింటిలో తొమ్మిదికి అటూ ఇటుగా అదుపులోనే ఉంటాయి. అయితే ఇది కనిపించిన మచ్చలకే వైద్యం. మెదడులో మరోచోట కంటికి ఆనకుండా దాగి ఉన్న కణాల జోలికి పోదు.

సరిగ్గా ఈ లోటును పూడ్చేందుకే మెదడు మొత్తానికి రేడియేషన్ ఇచ్చేవారు. సాధారణంగా రెండు వారాల్లో పది విడతలుగా 30 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలమానం) ఇస్తారు. జపాన్‌లో 132 మందిపై జరిగి 2006లో వెలువడిన అధ్యయనం ఈ లెక్కను తేటతెల్లం చేసింది. రేడియో సర్జరీ ఒక్కటే చేయించుకున్నవారిలో ఏడాదిలోపు మెదడులో వ్యాధి మళ్లీ కనిపించినవారు 76.4 శాతం, దానికి మెదడు మొత్తపు రేడియేషన్ కూడా తోడైనవారిలో 46.8 శాతం. తిరగబెట్టడం అంత తగ్గినా, ఆయుష్షు మాత్రం పెరగలేదు: మధ్యస్థ జీవితకాలం (సగం మంది దాటి బతికిన కాలం) మొదటివారికి 8 నెలలు, రెండోవారికి 7.5 నెలలు. దీనికి చెల్లించే మూల్యం జ్ఞాపకశక్తి. ఒకటి నుంచి మూడు మచ్చలున్న 213 మందితో అమెరికాలో జరిపి 2016లో ప్రచురించిన పరిశోధనలో, మూడు నెలలు తిరిగేసరికి ఆలోచన, జ్ఞాపకం మందగించినవారు రేడియో సర్జరీ మాత్రమే పొందినవారిలో 63.5 శాతం కాగా, మెదడు మొత్తపు రేడియేషన్ కూడా పొందినవారిలో 91.7 శాతం. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌ను తప్పించి రేడియేషన్ ఇచ్చి, దానితోపాటు మతిమరుపు వ్యాధికి ఇచ్చే మెమాంటిన్ మాత్ర వాడితే ఈ నష్టం తగ్గుతుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. అందువల్ల మచ్చలు లెక్కకు మించి ఉన్నవారికి ఈ మెరుగుపరచిన పద్ధతికి ఇప్పటికీ చోటుంది. ఇక మంచం పట్టి, శరీరంలో వ్యాధి ఏ మందుకూ లొంగని స్థితిలో ఉన్నవారి సంగతి వేరు. బ్రిటన్, ఆస్ట్రేలియాలలో 538 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిగిన క్వార్ట్జ్ అధ్యయనంలో, స్టీరాయిడ్, ఉపశమన సేవలతో సరిపెట్టినవారికీ, వాటితోపాటు మెదడు మొత్తపు రేడియేషన్ ఇచ్చినవారికీ జీవితకాలంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అలాంటివారిని రెండు వారాలు ఆస్పత్రికి తిప్పడం వల్ల ఒరిగేదేమిటో కుటుంబం నిర్మొహమాటంగా అడగవచ్చు.

ఎన్ని మచ్చల వరకు రేడియో సర్జరీ చేయవచ్చన్న పట్టింపు కూడా సడలింది. జపాన్‌లోనే 1,194 మందిని పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో, రేడియో సర్జరీ మాత్రమే పొందిన వారిలో రెండు నుంచి నాలుగు మచ్చలున్నవారి మధ్యస్థ జీవితకాలం 10.8 నెలలు, అయిదు నుంచి పది మచ్చలున్నవారిదీ అంతే, 10.8 నెలలు. మచ్చల సంఖ్య కంటే వాటన్నిటి మొత్తం ఘనపరిమాణం ముఖ్యమన్న అభిప్రాయం ఆ తర్వాత బలపడింది. ఆరు మచ్చలున్నాయని బెదిరిపోయే కుటుంబాలు తప్పక తెలుసుకోవలసిన విషయమిది.

ఇక మూడో దారి. పాత కీమోథెరపీ మందులు రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న సహజమైన కట్టడిని దాటడంలో చాలావరకు విఫలమయ్యేవి కాబట్టి, మందు వేసి చూద్దామన్న మాటకు అప్పట్లో బలం లేదు. కణితిలో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నవారికి ఇచ్చే ఒసిమెర్టినిబ్, ఏఎల్‌కే అనే జన్యువులో మార్పు ఉన్నవారికి ఇచ్చే అలెక్టినిబ్, లోర్లాటినిబ్ ఆ కట్టడిని దాటి, మెదడులోని మచ్చలను కూడా కరిగించగలవు. లక్షణాలేవీ లేని ఇలాంటి రోగులకు రేడియేషన్‌ను వాయిదా వేయవచ్చని అమెరికాలోని క్యాన్సర్, నాడీ క్యాన్సర్, రేడియేషన్ వైద్య సంఘాలు ఉమ్మడి మార్గదర్శకాల్లో ఒప్పుకున్నాయి. భారతీయుల ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే అడినోకార్సినోమా రకంలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిలో ఈజీఎఫ్‌ఆర్ మార్పు కనిపిస్తుంది గనుక ఇది మనకు దూరపు ముచ్చట కాదు. అందుకే జన్యు పరీక్ష ఫలితం చేతికి రాకముందే మెదడు గురించి తొందరపడి నిర్ణయించడం, అత్యవసర లక్షణాలు లేనప్పుడు, తగని పని.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉన్న 351 మంది రికార్డులను తిరగేసి 2017లో ప్రచురించిన అమెరికా విశ్లేషణలో, ముందు రేడియో సర్జరీ చేసి తర్వాత మాత్ర మొదలుపెట్టినవారి మధ్యస్థ జీవితకాలం 46 నెలలు కాగా, ముందు మాత్ర ఇచ్చి రేడియేషన్‌ను వాయిదా వేసినవారిది 25 నెలలు. చూడగానే తీర్పు తేలిపోయినట్టే ఉంటుంది. కాని అందులో ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీ తీసి పంచలేదు, ఎవరి వైద్యుడు ఏది సబబనుకుంటే అది ఇచ్చారు. పైగా వాడిన మందులు మెదడులోకి అంతగా చొరబడలేని పాతతరానివి. కాబట్టి ఆ అంకెలను ఒసిమెర్టినిబ్ వాడే ఇప్పటి రోగికి యథాతథంగా వర్తింపజేయడం పొరపాటు. అలాగని పూర్తిగా పక్కన పెట్టనూ కూడదు. గెఫిటినిబ్ వంటి పాత మాత్రలే ఇప్పటికీ మన కుటుంబాలు చాలావాటికి అందుబాటు ధరలో దొరికేవి. ఆ మాత్రమీద ఉన్నవారికి మాత్రం ఆ హెచ్చరిక నేటికీ చెల్లుతుంది. 2024 జులై బడ్జెట్‌లో కేంద్రం ఒసిమెర్టినిబ్‌పై కస్టమ్స్ సుంకాన్ని ఎత్తివేసినా, నెలనెలా కొనుక్కోవలసిన ఆ మాత్ర ఇప్పటికీ సామాన్యులకు భారమే. ఏ మందు వాడగలరో తేల్చకుండా, వేచి చూడవచ్చా కూడదా అని వాదించుకోవడం దండగ.

మరి వేచి చూస్తే మచ్చ పెరిగి, తర్వాత రేడియో సర్జరీకి పనికిరాకుండా పోతుందేమో? ఈ భయంలో నిజం ఎంతో కొలిచి చూడవచ్చు. ఆర్‌టీఓజీ 90-05 అన్న అధ్యయనం 2000లో నిర్ధారించిన హద్దుల ప్రకారం, ఒకే విడతలో ఇవ్వదగ్గ మోతాదు 2 సెంటీమీటర్ల వరకు 24 గ్రే, 2 నుంచి 3 సెంటీమీటర్ల మధ్య 18, 3 నుంచి 4 మధ్య 15 గ్రే. అంటే 4 మిల్లీమీటర్ల మచ్చ 7 మిల్లీమీటర్లయినా ఇవ్వగల మోతాదు తగ్గదు. 2 సెంటీమీటర్లు దాటితేనే కణితి పెద్దదై మోతాదు చిన్నదయ్యే ఇరకాటం మొదలవుతుంది. అప్పుడు మూడు నుంచి అయిదు విడతలుగా పంచి ఇవ్వవలసి రావచ్చు. మరోవైపు, వ్యాసం రెట్టింపైతే ఘనపరిమాణం ఎనిమిది రెట్లవుతుంది. 5 మిల్లీమీటర్ల గుండ్రటి మచ్చ ఘన సెంటీమీటరులో పదిహేనో వంతైనా నిండదు. అదే 10 మిల్లీమీటర్లయితే సగం దాటుతుంది. చుట్టూ ఉన్న మంచి మెదడులో 12 గ్రేకు మించి తగిలే భాగం 5 నుంచి 10 ఘన సెంటీమీటర్ల స్థాయికి చేరితే, రేడియేషన్ వల్ల కణజాలం చచ్చిపోయే నెక్రోసిస్ ప్రమాదం బాగా పెరుగుతుంది. కాబట్టి వేచి ఉండటానికి అవకాశం ఉంది గాని అది హద్దు లేనిది కాదు.

ఆ అవకాశం మచ్చ ఉన్న చోటును బట్టి కూడా మారుతుంది. ఫ్రంటల్ లోబ్ ముందు భాగంలో 6 మిల్లీమీటర్ల మచ్చ కొంత పెరిగినా మనిషికి తెలియకపోవచ్చు. ఊపిరి, గుండె పనిని నడిపే బ్రెయిన్ స్టెమ్‌లోనో, చేయి కాలు ఆడించే భాగంలోనో అంతే మచ్చ రెండు మిల్లీమీటర్లు పెరిగినా, చుట్టూ వాపు వచ్చినా మనిషి కూలబడవచ్చు. అలాంటి చోట మచ్చ చిన్నగా ఉండగానే, తక్కువ మెదడును తాకేలా కొట్టడం మేలన్నది నా అభిప్రాయం. మెలనోమా (చర్మ క్యాన్సర్‌లో ఒక రకం), మూత్రపిండ క్యాన్సర్ల మచ్చలకు రక్తస్రావమయ్యే గుణం ఎక్కువ కనుక వాటి విషయంలోనూ వాయిదాకు వెనుకాడాలి. అయినా మెలనోమాలో ఇపిలిముమాబ్, నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుల జంటకు లక్షణాలు లేని మెదడు మచ్చలు సగానికి పైగా రోగుల్లో లొంగాయి. హెర్‌2 ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం రొమ్ము క్యాన్సర్‌లో టుకాటినిబ్ మాత్ర కలిపిన చికిత్స మెదడులోనూ పనిచేసింది. ఇవేవీ వర్తించని, మెదడుకు చేరే మందు లేని క్యాన్సర్లలో వేచి చూడటానికి ఆధారం లేదు. అక్కడ రేడియో సర్జరీయే ముందు.

నా దృష్టిలో తూకాన్ని ఒకవైపు మొగ్గించేది మాత్రం మరొకటి ఉంది: ఎంఆర్‌ఐ తేదీ. మాత్ర వేసి కనిపెట్టి ఉండటమంటే ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదటి ఎంఆర్‌ఐ, ఆపైన కనీసం మొదటి ఏడాది రెండు మూడు నెలలకొకటి. కాంట్రాస్ట్ (మచ్చలు మెరిసి కనిపించేలా చేసే మందు) ఎక్కించి, మిల్లీమీటరు మందపు ముక్కలుగా తీసిన ఎంఆర్‌ఐ కావాలి. తక్కువ ఖర్చుకు సీటీతో సరిపెడితే చిన్న మచ్చలు జారిపోతాయి. మందపాటి ముక్కలతో తీసిన ఎంఆర్‌ఐలోనూ అంతే. వీలైనంతవరకు ఒకే కేంద్రంలో తీయించి, పాత సీడీని పక్కన పెట్టి పోల్చమని రేడియాలజిస్టును అడగాలి. అప్పుడు డెక్సామెథసోన్ వాడుతున్నారో లేదో కూడా చెప్పాలి, ఎందుకంటే స్టీరాయిడ్ వాపును, కాంట్రాస్ట్ మెరుపును తగ్గించి మచ్చ తగ్గిందన్న భ్రమ కలిగించగలదు. శ్రీకాకుళం ఏజెన్సీ నుంచి విశాఖకో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో కూలి మానుకుని, తోడు ఒకరిని వెంటబెట్టుకుని ప్రతి రెండు నెలలకూ రాగలరా అన్నది వైద్యశాస్త్ర ప్రశ్న కాకపోయినా, వైద్య నిర్ణయాన్ని మార్చవలసిన ప్రశ్న. రాలేనివారికి, మాత్ర ఎంత మంచిదైనా, ఉన్న మచ్చలకు ముందే రేడియో సర్జరీ చేయించి పంపడం సురక్షితం. రాగలిగి, మంచి మాత్ర వాడగలిగి, ప్రమాదకరమైన చోట మచ్చ లేని మనిషికి కనిపెట్టి ఉండటమే నేను మొదట పరిశీలించమనే దారి. ఆరోగ్యశ్రీ వంటి పథకాల కింద వచ్చేవారు ఏ పద్ధతికి, ఎన్ని స్కాన్లకు అనుమతి ఉందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకుంటే, నడిమధ్యలో తేదీలు తప్పవు.

ముందే రేడియో సర్జరీ చేయించుకున్నంత మాత్రాన ఎంఆర్‌ఐలు తప్పుతాయని అనుకోకూడదు; కొత్తచోట మచ్చలు పుట్టే అవకాశం ఉన్నందున వారికీ రెండు మూడు నెలలకొక పరీక్ష ఉంటుంది. తేడా ఎక్కడంటే, ఒక తేదీ తప్పినా వారి పాత మచ్చలకు చికిత్స జరిగే ఉంది. వారికి ఎదురయ్యే చిక్కు వేరు. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య, రేడియేషన్ పడిన చోటే మచ్చ మళ్లీ పెద్దదైనట్టు కనిపించవచ్చు. అది కణితి తిరగబెట్టడమో, నెక్రోసిసో సాధారణ ఎంఆర్‌ఐ ఒక్కటి చూసి తేల్చడం కష్టం. రక్త ప్రవాహాన్ని చూపే పర్ఫ్యూజన్ ఎంఆర్‌ఐ, అమైనో ఆమ్లాలతో చేసే పెట్ స్కాన్ కొంత దారి చూపుతాయి. నెక్రోసిస్ అయితే స్టీరాయిడ్‌తో, అవసరమైతే బెవాసిజుమాబ్ అనే మందుతో తగ్గించవచ్చు. ఆ రోజు వేరే ఊళ్లోని వేరే వైద్యుడు చూడవలసి వస్తే, ఏ మచ్చకు ఏ తేదీన ఎన్ని గ్రే ఇచ్చారో, 12 గ్రే మోతాదు తగిలిన హద్దు ఎక్కడిదాకా వెళ్లిందో ఆయనకు తెలియాలి. అందుకే రేడియో సర్జరీ అయిన రోజే, డిశ్చార్జి కాగితంతోపాటు, చికిత్స ప్లాన్‌నూ దానికి వాడిన ఎంఆర్‌ఐనీ సీడీలో రాయించి ఇమ్మని అడిగి తీసుకోవాలి.