రోగి పడిపోకుండా చూసే శిక్షణ: క్లాసా, ఆన్‌లైన్ పాఠమా, వార్డులో డ్రిల్లా?

ఆసుపత్రి సిబ్బందికి ఈ విషయంలో శిక్షణ ఇవ్వడానికి మామూలుగా ఉన్న దారులు మూడు. ఏడాదికోసారి హాల్లో కూర్చోబెట్టి చెప్పే క్లాసు, ఎవరి వీలునుబట్టి వాళ్లు చూసుకునే ఆన్‌లైన్ పాఠం, డ్యూటీ మధ్యలో మంచం పక్కనే చేయించే డ్రిల్. ఖర్చు తగ్గాలంటే ఆన్‌లైన్, హాజరు పట్టీ నిండాలంటే క్లాసు. చేతికి పని రావాలంటే మాత్రం డ్రిల్లే. ఒక్కటే కుదిరితే అదే పెట్టండి.

ఆన్‌లైన్ పాఠం లెక్కలకు బాగుంటుంది. ఉదాహరణకు రోగి పడిపోయే ప్రమాదాన్ని అంకెల్లో కొలిచే మోర్స్ స్కేలు: ఇటీవల పడి ఉంటే 25, రెండో జబ్బు ఉంటే 15, సెలైన్ లైను ఉంటే 20, కర్రో వాకరో వాడితే 15, గోడా బల్లా పట్టుకుని నడిస్తే 30, నడక బలహీనమైతే 10, బాగా దెబ్బతింటే 20, తన శక్తిని మించి లేవబోయే మనిషైతే 15. ఊతానికీ, నడకకూ ఒక్కో అంకే వేస్తారు కాబట్టి ఎక్కువలో ఎక్కువ 125. చాలాచోట్ల 45 వస్తే ప్రమాదం ఎక్కువని రాస్తారు. ఇది నేర్పడానికి హాలు అక్కర్లేదు. చిక్కల్లా స్కోరు రాయడంతోనే పని అయిపోయిందనుకోవడం. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లోనే ఇలాంటి స్కోర్లతో ఎవరు పడతారో జోస్యం చెప్పవద్దని, ఆసుపత్రిలో చేరిన 65 నిండిన వాళ్లందరినీ ప్రమాదంలో ఉన్నట్టే చూడమని చెప్పింది. కాబట్టి పాఠం స్కోరు దగ్గర ఆగకూడదు. పడుకున్నప్పటి బీపీ, నిలబడ్డాక 3 నిమిషాల్లోపు బీపీ కొలిచి, పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకు చెప్పడం దాకా వెళ్లాలి.

క్లాసుకు ఉన్న ఒకే బలం, అందరూ ఒకచోట చేరడం. నిద్రమాత్రలు, పొద్దుపోయాక ఇచ్చే మూత్రం మాత్రలు రోగిని రాత్రి మంచం దింపుతాయని ఫార్మసిస్టు చెప్తే, నేల తడిగుడ్డతో తుడిచే వేళ మార్చగల మనిషి కూడా అక్కడే వింటాడు. నైట్ డ్యూటీ వాళ్లు మాత్రం ఎప్పుడూ తప్పిపోతారు.

డ్రిల్‌కు 15 నిమిషాలు, నలుగురు చాలు. ఒకరు బాత్‌రూం గుమ్మం దగ్గర పడినట్టు పడుకోవాలి. మొదటి నిమిషం ఎవరూ ఏమీ చెప్పకుండా చూడండి. దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు చంకల కింద చేతులు పెట్టి లేపబోతారు. అక్కడే ఆపాలి. అలా లేపితే విరిగిన ఎముక కదులుతుంది, లేపేవాళ్ల నడుమూ పోతుంది. నేర్పాల్సిన వరుస ఇది: కేకేసి సాయం పిలవడం, కదపకుండా స్పృహ, ఊపిరి, రక్తస్రావం చూడటం, మెడ నొప్పి అడగడం, ఒక కాలు పొట్టిగా, బయటికి తిరిగి ఉందేమో చూడటం (ఉంటే తుంటి విరిగిందని అనుమానించి కూర్చోబెట్టకూడదు), ఆపైన నాడి, బీపీ, షుగరు. తల తగిలినా, పడటం ఎవరూ చూడకపోయినా స్పృహ స్కోరు, కనుపాపలు చూడాలి. స్పృహ మామూలుగా ఉంటే 2 గంటలు అరగంటకోసారి, తర్వాత 4 గంటలు గంటకోసారి, ఆపైన 2 గంటలకోసారి. రక్తం పలచబరిచే మందులో ఉన్న రోగైతే బొప్పి కట్టకపోయినా వెంటనే డాక్టరుకు కబురు వెళ్లాలి.

రెండో డ్రిల్, నడిపిస్తుండగా రోగి జారడం. నిలబెట్టాలని పెనుగులాడకూడదు. కాళ్లు ఎడంగా పెట్టి, రోగికి కట్టిన నడుం బెల్టు పట్టుకుని తనవైపు లాక్కుని, తొడమీదుగా మెల్లగా నేలకు దింపాలి, తలను కాపాడుతూ. ఇది స్లైడు చూసి ఎవరికీ రాదు.

డ్రిల్‌కూ లోపాలున్నాయి. వార్డు కిక్కిరిస్తే మొదట రద్దయ్యేది అదే. కొత్తవాళ్లు చేరుతుంటారు, పాతవాళ్లు మరిచిపోతారు. మూడు నెలలకోసారైనా, రాత్రి షిఫ్టులో కూడా పెట్టకపోతే సంతకాల తంతుగా మిగులుతుంది.

మూడింటిలోనూ తరచు జారిపోయేది రోగితో మాట్లాడటం నేర్పడం. 2015లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో 8 పునరావాస వార్డుల్లో రోగులకు విడివిడిగా చెప్పి, సిబ్బందికీ దానిమీద శిక్షణ ఇస్తే పడటాలు తగ్గాయి. అందుకే డ్రిల్ చివర ఒక ప్రశ్న వేయించండి: "బాత్‌రూంకి వెళ్లాలనిపిస్తే ఏం చేస్తారండీ? ఒకసారి మీరే చెప్పండి." బెల్ ఎక్కడుందో రోగి చేత్తో చూపించగలగాలి.

ఫలితం చూసేటప్పుడు 1000 రోగి-రోజులకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి-రోజు) ఎన్ని పడటాలో లెక్కించండి. శిక్షణ అయ్యాక ఈ అంకె కొంచెం పెరిగితే కంగారు పడనక్కర్లేదు, ఇంతకుముందు రాయనివి రాస్తూ ఉండొచ్చు. దెబ్బలు తగిలినవాటిని మాత్రం వేరే లెక్కలో పెట్టండి.