ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) ఆపరేషన్ అయినవాళ్లు ఆ "భయం పోగొట్టే" ప్యాకేజీ కొనకండి

మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్లకి ఫోన్ తెరిస్తే చాలు, కాలు కదపాలంటే ఉండే భయం పోగొడతామనే ఆ ఆన్‌లైన్ వ్యాయామ క్లాసుల ప్రకటనే కనబడుతుంది కాబట్టి పేరు చెప్పనక్కర్లేదు. నాకూ ఏసీఎల్ ఆపరేషన్ అయింది. మెట్లు దిగాలంటే టెన్షన్, కాలు మడిస్తే లోపల ఏదో తెగిపోతుందేమోనని భయం. అది పోగొడతామంటే చేరాను. ఫీజంతా ముందే కట్టించుకున్నారు.

ఆపరేషన్ అయి మూడో నెల కూడా నిండకముందే, వీడియో క్లాసులో ఆపరేషన్ అయిన కాలి మీదే దూకమన్నాడు ట్రైనర్. అప్పటికే మోకాలు ఉబ్బిపోయి, చిప్ప పక్కన ఉండాల్సిన గుంట పూడిపోయింది. కెమెరా కిందికి తిప్పి చూపించాను. "వాపు మోకాలికి కాదు, మీ బుర్రకి. దూకుతారా, క్లాసులోంచి వెళ్తారా?" అన్నాడు, అందరూ వింటుండగా! నేను నోరు తెరిచేలోపే నా మైకు ఆపేశాడు. నొప్పితో ఉన్న మనిషితో మాట్లాడే తీరేనా అది? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది. డబ్బు వెనక్కివ్వమని అడిగితే యాప్‌లోంచి తీసేసి, నంబరు బ్లాక్ చేశారు.

నేను దూకలేదు. తర్వాత కలిసిన ఫిజియోథెరపిస్టు చెప్పింది వింటే వణుకొచ్చింది. మోకాల్లో వాపు ఉన్నంతకాలం తొడ ముందు కండరం సరిగ్గా పట్టదట. పైగా తెగిన లిగమెంట్ బదులు కొత్తగా వేసిన గ్రాఫ్టు (అతుకు), వేసిన రోజుకన్నా ఆ తర్వాతి నెలల్లోనే బలహీనంగా ఉంటుంది, దానికి రక్తనాళాలు కొత్తగా పట్టాలి కదా. అలాంటప్పుడు ఒంటికాలిమీద దూకమంటారా? ఆటల్లోకి దిగాలంటే కనీసం 9 నెలలు నిండాలి, తొడ బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతానికైనా రావాలి అన్నారావిడ. భయం పోవడానికి ఆవిడ ముందుగా చేయించింది చిన్న పీట మీంచి, గోడ పట్టుకుని, మెల్లగా దిగడం. అది కుదిరాక చెయ్యి వదిలేయించారు. అంతే, నాకు ధైర్యం అక్కడే మొదలైంది.

ఇంకో మోసం. "మేమే తయారుచేసిన భయం పరీక్ష" అంటూ ఇచ్చిన 17 ప్రశ్నలు కదిలితే దెబ్బ తగులుతుందేమోనన్న భయాన్ని కొలిచే 1991 నాటి ప్రశ్నావళి, టాంపా స్కేలువే. ఫిజియోలు ఎప్పటినుంచో వాడుతున్నదే.

డబ్బు కట్టేముందు మీకు నేర్పేవాళ్ల అర్హతేమిటో, రిఫండ్ ఎలా ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే కట్టేసినవాళ్లు రసీదులు, చాట్లు ఈరోజే సేవ్ చేసుకోండి, యాప్‌లోంచి తీసేశాక ఏదీ కనబడదు.